మాట్లాడకపోతే పెట్టేసే ఫోను

మా ఇంట్లో ఫోను చెవిన పెట్టుకుని ఊరికే నిలబడేవాళ్ళు ఎవరూ లేరు. బెంగళూరు నగర్తపేటలో మాది స్టీలు పాత్రల అంగడి. మోగితే ఎత్తడం, సరుకు పేరు, ధర, ఎప్పుడు పంపాలి, పెట్టేయడం. మధ్యలో ఊపిరి తీసుకున్నా మా నాన్న దుబారా కింద జమకట్టేవాడు. ఎదురుగా కూర్చున్న గిరాకీతో మాత్రం ఆయన పద్ధతే వేరు. "ధర చెప్పినంక నోరు మూసుకోరా. వాడే మాట్లాడతాడు, వాడే దిగొస్తాడు" అని నాకు మీసాలు రాకముందే నేర్పించాడు. అంటే మౌనం ఎంత పని చేస్తుందో తెలిసిన ఇంట్లోనే పుట్టాను. అయినా నా ఉద్యోగంలో నేను బోల్తాపడింది మౌనం దగ్గరే. లేచి నిలబడిందీ అక్కడే కనుక, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు కాస్త గర్వంగానే చెబుతున్నాను.

నా ఉద్యోగం ఏమిటని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. ఆఫీసులకు టెలిఫోను సర్వర్లు అమ్మే కంపెనీలో సగం అమ్మకందారుని, సగం బిగించేవాణ్ణి. ఇంజనీర్లు నన్ను వ్యాపారి అనేవారు, వ్యాపారులు ఇంజనీరు అనేవారు. రెండు వైపులా మర్యాదే కనుక నేనెవరినీ సరిదిద్దలేదు.

ఇప్పుడు ఆఫీసు ఫోన్లన్నీ సర్వరు మీద నడుస్తాయి. అది కంప్యూటర్ల భాష మాట్లాడుతుంది. టెలిఫోను ఎక్స్చేంజీ నుంచి వచ్చే పాత రాగి తీగకు ఆ భాష రాదు. రెండింటి మధ్యా ఒక పెట్టె పెడతాం. ఒకవైపు రాగి తీగలు, ఇంకోవైపు నెట్‌వర్కు కేబులు. దాన్ని గేట్‌వే అంటారు. మా పేట లెక్కలో చెప్పాలంటే దళారీ. కొనేవాడి మాట అమ్మేవాడికి, అమ్మేవాడి మాట కొనేవాడికి చేరవేసేవాడు. దళారీ ఒక్క మాట తప్పుగా చేరవేస్తే బేరం ఏమవుతుందో నాకు చిన్నప్పటి నుంచే తెలుసు. పెట్టె విషయంలో మాత్రం ఆ సంగతి ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఎలక్ట్రానిక్ సిటీ దాటి అత్తిబెలె వైపు పోయే దారిలో ఒక క్రైస్తవ మిషను ఆసుపత్రి ఉంది. అక్కడి నర్సుల్లో సగానికి పైగా ఆంధ్రా అమ్మాయిలే. పాత ఫోను వ్యవస్థ పాడైపోయి కొత్త సర్వరు కావాలన్నారు. నాతో పోటీపడిన కంపెనీలన్నీ రాగి లైన్లు తీసేసి ఫైబరు మీద కొత్త నంబరు తీసుకోమన్నాయి. నేనొక్కడినే వద్దన్నాను. "మీ నంబరు ఎన్నో ఊళ్ళలో క్యాలెండర్ల మీద అచ్చయి గోడలకు వేలాడుతోంది. నంబరు మార్చడమంటే అంగడి సందు మార్చడమే. పాత గిరాకీ వచ్చి మూసిన తలుపు చూసి పోతాడు" అన్నాను. ఆసుపత్రి మేనేజరు గారికి ఆ మాట నచ్చింది. విజయవాడ మనిషి, ఖద్దరు చొక్కా, మాటకొక ఇంగ్లీషు ముక్క. ఆర్డరు చేతికొచ్చిన ఉత్సాహంలో మా అంగడి మాట ఒకటి నా నోట్లోంచి జారింది. "నచ్చకపోతే చెప్పండి సార్, ఊడదీసుకుని పోతాను. పైసా అడగను." గిన్నెలకు సరిపోయే మాట అది. గోడలు తొలిచి తీగలు లాగే పనికి అనకూడదు.

మా కంపెనీలో సర్వరు పని చూసే ఇంజనీరమ్మది నిజామాబాదు. నాకంటే బాగా చిన్నది, నాకంటే బాగా తెలివైనది. నేను అమ్మి వచ్చిన దాన్ని పనిచేయించడం ఆమె వంతు. ఇద్దరం కలిసి ఆసుపత్రిలో ప్రార్థన గదికి ఎదురుగా ఉన్న అలమరలో పెట్టె బిగించాం. ఎనిమిది లైన్లు, ఎనిమిది పచ్చ దీపాలు. లైను వాడుకలో ఉన్నంతసేపే దాని దీపం వెలుగుతుంది. అన్నీ ఒకే నంబరుకు కట్టినవి. ఏ కాల్ ఏ లైను మీద వస్తుందో ఎవరికీ తెలియదు. సర్వరు పలకరించి, వార్డుకో, మందుల గదికో, ప్రార్థన గదికో పంపుతుంది. అందరూ బిజీగా ఉంటే వేచి ఉండమని సంగీతం వినిపిస్తుంది.

మొదటి రోజు పెళ్ళివారిల్లులా మోగింది. మర్నాడు మధ్యాహ్నానికి ఎనిమిది దీపాలూ వెలుగుతున్నాయి, ఆసుపత్రిలో ఒక్కరూ ఫోను పట్టుకుని లేరు. బయటి నుంచి ఎవరు చేసినా బిజీ. "ఏంటండీ ఇది? అంబులెన్స్ డ్రైవర్ నా పర్సనల్ నంబరుకి చేస్తున్నాడు. ఇది హాస్పిటలా, నా ఇల్లా?" అని మేనేజరు గారు నా మీద పడ్డారు.

సంగతేమిటంటే, రాగి లైను మీద అవతలి మనిషి పెట్టేస్తే ఎక్స్చేంజీ మనకొక కూత వినిపిస్తుంది. మనుషులమైతే విని మనమూ పెట్టేస్తాం. మా పెట్టె ఎక్కడో వేరే దేశాల కూతలు నేర్చుకుని వచ్చింది. మన కూత దానికి అర్థం కాదు. సంగీతం వింటూ విసుగొచ్చి పెట్టేసిన మనిషి తన పని తాను చూసుకుంటుంటే, మా సర్వరు ఆ ఖాళీ లైనుకు మర్యాదగా వీణ వాయించి వినిపిస్తూనే ఉంది. కాసేపటికి ఎక్స్చేంజీ కూడా కూయడం మానేస్తుంది. ఆ తర్వాత అటువైపు అంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దమే నాకు దొరికిన తాళంచెవి. పెట్టెలో ఒక అమరిక ఉంది. బయటి వైపు నుంచి ఇన్ని సెకన్లు శబ్దం రాకపోతే కాల్ ముగించమని చెప్పవచ్చు. వెంటనే ఒక చిన్న అంకె వేశాను.

"సర్, గింత తక్కువ పెడ్తున్నరేంది?" అంది ఇంజనీరమ్మ.

"అమ్మా, ఇంతసేపు ఫోను పట్టుకుని నోరు మెదపనివాళ్ళు బెంగళూరులో ఎవరైనా ఉన్నారా?"

"మా అత్తమ్మ అలిగితే ఉంటది సర్."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే మీట నొక్కాను. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. మేనేజరు గారి మొహం వెలిగింది. ఆ సాయంత్రం నేను కంపెనీ అంతటికీ మైసూరుపాకు పంచాను. అడిగి అడిగి తగ్గించుకుని కొన్న మైసూరుపాకే అనుకోండి.

రెండు మూడు రోజుల్లో ఒక ఫోను వచ్చింది. "బ్రదర్, నేను ప్రార్థన గదిలోంచి మాట్లాడుతున్నాను. మీ పెట్టె నా చేత జనం మొహాన ఫోను పెట్టేయిస్తోందయ్యా."

ఆమెది గుంటూరు వైపు. ఆ ఆసుపత్రిలోనే హెడ్ నర్సుగా చేసి రిటైరై, ఇప్పుడు ప్రార్థన గదిలో కూర్చుంటుంది. అందరూ సిస్టరమ్మ అంటారు. వెళ్ళాను. చిన్న గది. బల్ల, ఫోను, కిటికీలో మనీప్లాంటు. అలమర తలుపు తెరిస్తే అక్కడి నుంచి నా పెట్టె దీపాలు కనిపిస్తున్నాయి.

"ఇక్కడికి చేసేవాళ్ళు చెయ్యగానే మాట్లాడరు బ్రదర్," అంది. "కొంతమంది ఏడుస్తారు. ఇంట్లోవాళ్ళకి వినపడకూడదని చప్పుడు లేకుండా ఏడుస్తారు. కొంతమంది ఊరికే ఉంటారు. నేనూ ఊరికే ఉంటాను."

"మీరేమీ చెప్పరా?"

"చెప్పడానికి పాస్టరు గారు ఉన్నారుగా. నా దగ్గరికి చెప్పించుకోడానికి రారు."

అలాంటి గిరాకీ నేను ఎన్నడూ చూడలేదు. అయినా అంగడి బుద్ధి ఊరుకోదు, బేరానికి దిగాను. "సిస్టరమ్మా, ఒక పని చేయండి. మధ్యమధ్యలో 'వింటున్నావా అమ్మా' అని అడగండి. కథకు ఊ కొట్టినట్టు వాళ్ళు 'ఊ' అంటారు. పెట్టెకు ఆ ఊ చాలు."

ఆమె నన్ను జ్వరం పట్టిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "సరే, మీ మాట ఎందుకు కాదనాలి? చూద్దాం" అంది.

మర్నాడే పిలిచింది. "అడిగాను బ్రదర్. ఒకావిడ రోజూ పొద్దున వంట అయ్యాక చేసేది. ఎవరినో పోగొట్టుకుంది. మొగుడినో బిడ్డనో నాకింకా చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండుసార్లు ఆమెని మీ పెట్టె పెట్టేసింది. పాపం మళ్ళీ చేసింది. ఈసారి మీరు చెప్పినట్టు 'వింటున్నావా అమ్మా, ఊ అను' అన్నాను. 'మీకు పనుందేమో సిస్టరమ్మా, ఉంటాను' అని పెట్టేసింది. ఇక చెయ్యలేదు."

"నంబరు పడుతుంది కదా, మీరే చేయకూడదా?"

"చేశాను. ఎత్తలేదు. మొహాన పెట్టేసినవాళ్ళు మళ్ళీ పిలిస్తే మీరు వెళ్తారా?"

మా పేటలో వెళ్ళం.

"వచ్చే శుక్రవారం గుడ్ ఫ్రైడే," అంది సిస్టరమ్మ. "డ్యూటీలు వదిలి చర్చికి రాలేని వాళ్ళంతా ఆ రోజు ఇక్కడికి ఫోను చేస్తారు. నర్సులు, సెక్యూరిటీ వాళ్ళు, ఆఫీసుల్లో పిల్లలు. ఆ తల్లి మళ్ళీ చేస్తే ఆ రోజే చేస్తుంది. ఆ రోజు కూడా మనం పెట్టేశామనుకోండి, ఇంక ఈ జన్మలో చెయ్యదు. అప్పటికి మీ పెట్టెకి మర్యాద నేర్పండి."

బయటికి వస్తుంటే మేనేజరు గారు అడ్డం నిలబడ్డారు. "గుడ్ ఫ్రైడేకి ఫోన్లు పర్ఫెక్ట్‌గా ఉండాలండీ. లేదంటే మీరే అన్నారుగా, ఊడదీసుకుని పోతానని. సాటర్డే మార్నింగ్ వచ్చి తీసుకెళ్ళండి. వేరే కంపెనీ వాళ్ళు రెడీగా ఉన్నారు."

ఆ తర్వాతి రోజులు నేను ఒక యంత్రంతో బేరమాడుతూ గడిపాను. గడువు పెంచితే లైన్లు ఇరుక్కుని ఆసుపత్రి బిజీ. తగ్గిస్తే ప్రార్థన గదిలో కాల్ కట్. సిస్టరమ్మ నిమిషాలు అడుగుతోంది, లైన్లు సెకన్లు అడుగుతున్నాయి. నేను మధ్యన కూర్చుని ఇటు కొంచెం, అటు కొంచెం జరుపుతున్నాను.

ఇంజనీరమ్మకు విసుగొచ్చింది. "సర్, గిది బేరం కాదు. నడుమ ఏ నంబర్ పెట్టినా ఇద్దరూ ఏడుస్తరు. చప్పుడు లేకుంటే మనిషి లేడనుకునుడే తప్పు."

నిశ్శబ్దం మాట వదిలేసి, మన ఎక్స్చేంజీ కూతను రికార్డు చేసి పెట్టెకు నేర్పించింది. ఒక పూటంతా అద్భుతంగా నడిచింది. మైసూరుపాకు తెప్పించాలా అని నేను ఆలోచిస్తుండగానే సిస్టరమ్మ నుంచి కబురు. ఎవరో ఒకాయన వేరే ఆసుపత్రిలో తండ్రి మంచం పక్కన నిలబడి ఫోను చేశాడట. మంచం పక్కన గుండె చూసే మిషను కూస్తోంది. మా పెట్టె ఆ కూత విని, ఓహో మనిషి వెళ్ళిపోయాడు అనుకుని పెట్టేసింది.

"ఇది మునుపటికన్నా ఘోరం బ్రదర్," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

నేర్పిన కూతను చెరిపేశాం. నేనూ ఇంజనీరమ్మా ఆసుపత్రి గేటు ఎదుట టీ బండి దగ్గర కూలబడ్డాం. గురువారం పొద్దు. మర్నాడే గుడ్ ఫ్రైడే.

"అవతలోళ్ళు పెట్టేసిన్రని ఎక్స్చేంజీ సక్కగ చెప్తలేదు," అంది ఆమె, గాజు గ్లాసు వేళ్ళ మధ్య తిప్పుతూ. "కూస్తది, ఆగుతది. గింతే. పెట్టెకు ఎట్ల తెలుస్తది సర్? దానికేమన్న దివ్యదృష్టి ఉందా?"

దివ్యదృష్టి అనగానే నాకు మా అంగడి ముందరి ఎస్టీడీ బూతు కళ్ళ ముందు నిలబడింది. నేను గల్లాలో కూర్చునే రోజుల్లో మా నాన్న దాన్ని పెట్టించాడు. అద్దాల గది, ఎర్రటి అంకెల మీటరు, చివరన బయటికొచ్చే చీటీ. జనం రోజూ నాతో తగువు. "నేను ఎప్పుడో పెట్టేసినాను, నీ మీటరు తిరుగుతానే ఉండాది" అని ఒకడు, "అవతల ఎత్తనే లేదు, బిల్లెట్లా?" అని ఇంకొకడు. నేను మీటరు పక్షానే వాదించేవాణ్ణి, ఎందుకంటే అది ఎన్నడూ తప్పేది కాదు. అవతల ఎత్తిన క్షణానికి మొదలు, పెట్టిన క్షణానికి ఆగడం. చప్పుడుతో దానికి పని లేదు, కూతతో పని లేదు.

"మా బూతు డబ్బాకు ఎట్లా తెలిసేది?" అన్నాను పైకే.

"ఏంది సర్?"

"తీగ. ఎక్స్చేంజీ తీగను తిరగేసేది. ప్లస్సు మైనస్సు అటుదిటు చేసేది. ఎత్తితే ఒకసారి, పెట్టేస్తే ఇంకోసారి. డబ్బా అది చూసి తెలుసుకునేది."

ఆమె గ్లాసు పక్కన పెట్టి లాప్‌టాప్ తెరిచింది. పెట్టె అమరికల జాబితాలో ఆ వరుస ఉండనే ఉంది, ఆపేసి. దాన్ని నేను వందసార్లు చూసి ఉంటాను. మన ఎక్స్చేంజీలు అది ఇవ్వడం ఎప్పుడో మానేశాయని ఈ వృత్తిలో ఎవరో అంటే, అందరం నమ్మి దాటుకుంటూ పోయేవాళ్ళం. గిన్నె కొంటే మోగించి చూడకుండా తీసుకోని వంశం మాది. ఈ మాటను మాత్రం మోగించి చూడలేదు.

"ఇస్తరా సర్ ఇప్పుడు?"

"అడుగుతాను," అని లేచాను. మేనేజరు గారి చేత ఒక అర్జీ రాయించుకుని ఎక్స్చేంజీకి పోయాను.

పెద్ద భవనం. ఒకప్పుడు లోపల అడుగుపెట్టాలంటే సిఫారసు కావాల్సి వచ్చేది. ఇప్పుడు వరండాలో కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. లోపలి గదిలో ఒక్క అధికారి. నెరిసిన మీసం, స్వెట్టరు. నా మాట వినగానే కన్నడం కలిసిన మా పాత బెంగళూరు తెలుగులోకి దిగాడు.

"ఏమప్పా, లైను తీసేయాలనా? ఫారం ఆ పక్క ఉండాది."

"తీసేయాలని కాదు సార్. సౌకర్యం ఒకటి కావాలని వచ్చినాను."

ఆయన కళ్ళజోడు తీశాడు. "సౌకర్యమా?"

"బూతులకు ఇస్తా ఉండేరు కదా సార్, తీగ తిరగేసేది. ఎనిమిది లైన్లకు కావాల. లోపలికొచ్చే కాల్‌కు కూడా. రేపు పొద్దునకల్లా."

"అయ్యో, బూతులే లేవు, దాన్ని ఎవరప్పా అడుగుతారు! ఎక్స్చేంజీలో ఉండాది, లేదనను. కానీ నాళె గుడ్ ఫ్రైడే సెలవు. సోమవారం రా, చూస్తాం."

చెప్పాల్సింది చెప్పేశాను. ఇంకొకరైతే బతిమాలేవారు. నేను అలవాటు కొద్దీ నోరు మూసుకున్నాను. మా నాన్న చెప్పిన పద్ధతి. ధర చెప్పాక ఊరుకోవడం.

ఫ్యాను తిరుగుతోంది. ఆయన బల్ల మీది కాగితాలు సర్దాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు.

"సోమవారమంటే సోమవారమే. తిప్పించే మనిషిని కాదు నేను."

నేను మాట్లాడలేదు.

"బేకాదరె, నీకంత కావాలంటే, శనివారం వస్తాను. ఇంట్లో నాకేం పని ఉండాది?"

ఊరుకున్నాను. దిగుతున్నాడు, ఇంకొంచెం పట్టుకుంటే చాలు అనుకుంటున్నాను.

అప్పుడాయన ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఏమప్పా, పలక్కుండా సుమ్నే కూర్చున్నావు? ఎవరికైనా బాగలేదా?"

నేను పైకి ఒక్క మాటా అనలేదు. అయినా ఈ మనిషి నా మౌనంలోకి తొంగిచూసి, అక్కడ ఎవరో ఉన్నారని, వాళ్ళకేదో కష్టం ఉందని పసిగట్టాడు. సిస్టరమ్మ రోజూ చేసే పని ఇదే కదా అనిపించింది. వంట అయ్యాక ఫోను చేసి ఊరికే ఉండే ఆ తల్లి గుర్తొచ్చింది. అంతవరకూ బేరం కోసం మూసుకున్న నోరు, ఆ తర్వాత తెరుద్దామన్నా తెరుచుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బేరంలో ఎన్నడూ జరగని పని.

ఆయన సొరుగు లాగి తాళాలు తీశాడు. "పద. నంబర్లు చెప్పు."

లోపలి గదిలో పాత తెర ముందు కూర్చుని ఒక్కొక్క వేలితో కొట్టాడు. "ఎన్నేండ్లాయెనో ఈ కమాండు కొట్టి. వేళ్ళు మరవలేదు చూడు." ఎనిమిదో లైను అయ్యాక వెనక్కి వాలాడు. "అందరూ తీసేయమనే వస్తారప్పా. పెట్టమని వచ్చినోడివి నువ్వొకడివే."

శుక్రవారం పొద్దున్నే ఆసుపత్రికి చేరాం. నిశ్శబ్దం అమరికను పూర్తిగా తీసేశాం. తీగ తిరగేతను చూడమని పెట్టెకు చెప్పాం. ఇక పరీక్ష మిగిలింది. ఈ పరీక్షలో మాట్లాడకూడదు. ఇంజనీరమ్మ గేటు దగ్గర తన సెల్లుతో, నేను ప్రార్థన గదిలో రిసీవరుతో.

"సర్, మీరు నోరు మూసుకుని ఉంటరా? నాకైతే నమ్మకం లేదు."

"ముందు నువ్వుండు తల్లీ."

ఫోను మోగింది. ఎత్తాను. ఇద్దరమూ పలకలేదు.

నా ఉద్యోగమంతా ఫోన్ల మధ్యే గడిచింది. అయినా మాట లేని ఫోనును అంతసేపు విన్నది అదే మొదలు. మొదట హైవే మీది లారీల హోరు. తర్వాత కొబ్బరిబొండాలవాడి కత్తి దెబ్బ. ఆమె గాజులు. ఎండలోంచి నీడలోకి జరిగిందని శ్వాసను బట్టి తెలిసింది. నవ్వు ఆపుకుంటోందని తెలిసింది. కొంతసేపటికి ఆ నవ్వు కూడా పోయింది. వట్టి మనిషి మిగిలింది. ఒక్క మాట లేకుండా ఆమె అక్కడ ఉన్నదని నాకు అంత గట్టిగా ఎన్నడూ తెలియలేదు. అలమరలో పచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది.

ఉన్నట్టుండి ఆరిపోయింది. కిటికీలోంచి చూస్తే ఆమె గేటు నుంచి పరుగెత్తి వస్తోంది.

"ఆరిందా సర్?"

"నువ్వు వేలు తీసేలోపల ఆరింది!"

ఎనిమిది లైన్లూ అలాగే చూశాం. ఎనిమిదీ అంతే. ఆమె వరండాలో ఒక్క గెంతు గెంతింది, అటుగా పోతున్న నర్సు చేతిలో ట్రే ఒరిగింది.

మధ్యాహ్నం ఆరాధన మొదలైంది. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు ఆసుపత్రి చర్చిలోంచి మైకులో వినబడుతున్నాయి. ప్రార్థన గదిలో ఫోను ఆగకుండా మోగుతోంది. సిస్టరమ్మ తెల్ల చీర కట్టుకుని కూర్చుంది. నేను అలమర పక్కన స్టూలు వేసుకుని దీపాలు కాపలా కాస్తున్నాను. మధ్యలో మేనేజరు గారు కూడా వచ్చి నా వెనక నిలబడ్డారు. రేపు పెట్టె ఊడదీయాలా వద్దా అన్నది ఆయన మొహంలో ఇంకా తేలలేదు.

ఒక కాల్‌కు సిస్టరమ్మ "వందనాలమ్మా" అని ఆగిపోయింది. తల ఎత్తి నా వైపు చూసింది. ఆ చూపు చాలు, ఎవరో నాకు తెలిసిపోయింది.

ఆమె పలకలేదు. అవతలా పలకలేదు. దీపం వెలుగుతోంది.

నేను మొట్టమొదట పెట్టిన గడువు దాటింది. సిస్టరమ్మతో బేరమాడి పెంచిన గడువు దాటింది. ఇంతకంటే ఇవ్వలేనని నేను మొండికేసిన గడువు కూడా దాటింది. చర్చిలో ఒక ప్రసంగం ముగిసి పాట అందుకున్నారు. పాట కూడా అయిపోయింది. దీపం కదలదు. "పనిచేస్తోందా అండీ?" అని మేనేజరు గారు నా చెవిలో గొణిగారు. వేలితో ఊరుకోమన్నాను. ఒక గిరాకీని నోరు మూసుకోమనడం నా జీవితంలో అదే మొదటిసారి.

సిస్టరమ్మ కళ్ళు మూసుకుని ఉంది. రిసీవరును రెండు చేతులతో పట్టుకుంది. ఒక్కసారి మాత్రం, "ఉన్నానమ్మా" అంది.

ఆ తర్వాత అవతలి నుంచి ఏదో మొదలైనట్టుంది. ఆమె తల మెల్లగా ఊగుతోంది. ఏం విన్నదో మాకు తెలియదు, తెలియకూడదు కూడా. చాలాసేపు విన్నది. చివరికి రెండు ముక్కలు చెప్పి, రిసీవరును ఇంకా చెవి దగ్గరే ఉంచుకుని దీపం వైపు చూసింది. నేనూ చూశాను.

ఆరిపోయింది.

సిస్టరమ్మ లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది. చెంపలు తడిసి ఉన్నాయి. మొహం మాత్రం తొలి కాన్పు చేయించిన నర్సు మొహంలా వెలుగుతోంది. "ఆమే పెట్టేసింది బ్రదర్," అంది. "'రేపు చేస్తాను సిస్టరమ్మా' అని చెప్పి, తనే పెట్టేసింది!"

మేనేజరు గారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఆ ఊపులోనే, "బిల్లులో ఏమన్నా డిస్కౌంట్ చూస్తారా మరి?" అన్నారు. నేను మాట్లాడలేదు. "పోనీలెండి, ఉన్నదే ఇద్దాం" అన్నారు. నేను మాట్లాడలేదు. "సరే, నర్సింగ్ కాలేజీ హాస్టల్ ఫోన్లు కూడా మీరే చూడండి, ఇంక ఆ వేరే కంపెనీ వాళ్ళకి వద్దని చెప్పేస్తాను" అన్నారు. ఆయన దాన్ని బేరం అనుకున్నారు. దేవుడి తోడు, నేను ఆరిపోయిన దీపాన్ని చూస్తూ ఉండిపోయాను. నా బతుకులో అంత లాభసాటి బేరం ఇంకొకటి లేదు, అదీ చేయకుండానే కుదిరింది.

తిరుగుదారిలో వ్యాను హోసూరు రోడ్డు మీద సిగ్నలు సిగ్నలుకూ ఆగుతోంది. ఇంజనీరమ్మ నన్ను ఒకటి రెండుసార్లు పక్కకి చూసింది. బొమ్మనహళ్ళి దాటింది, సిల్క్ బోర్డు దగ్గరికి వచ్చాం.

"ఏంది సర్, గంత దూరం నుంచి ఒక్క మాట లేదు," అంది. "లైన్ల ఉన్నరా?"

"ఊ," అన్నాను.